ఫిజీకి సేవకై వచ్చు తెలుగువారికి

సువార్తసేవకై ఫిజీ ద్వీపములకు రాదలచిన తెలుగు సోదరసోదరీమణులు, వీసాను విమానపు టికెట్టును గూర్చి విచారించుటకు మున్నే, ఈ దేశమున సంఘమునకును రాజ్యాధికారమునకును గల బాంధవ్యము నెరుగవలెను. ఏలయన, ఇచ్చట మీ మెడలోని సిలువ మిమ్ము మూలవాసుల మతస్థులుగను, మీ మేనిచాయ గిర్మిట్ (ఒప్పంద) కూలీల సంతతివారి బంధువులుగను ఒక్కసారే చూపును.

మూలవాసులలో అధికులు మెథడిస్టులు. 1835లో లకెంబా ద్వీపమున దిగిన మిషనరీలతో ఆరంభమైన ఆ విశ్వాసము గ్రామాధిపతుల అధికారముతోను, తరతరాల భూమితోను పెనవేసికొని పెరిగినది. భారతీయులు మొదట 1879 మే 14న లియోనిడాస్ ఓడలో చెరకుతోటల కూలికై వచ్చిరి; తెలుగువారితో కూడిన దక్షిణాది కూలీలు 1903 నుండి మద్రాసు రేవున ఓడలెక్కిరి. అదే సంవత్సరమున తెలుగు బాప్టిస్టులు నెల్లూరునుండి జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాయందలి నేటాలులోని తెలుగు కూలీలకు కాపరిగా పంపిరన్నది మనవారు మరువరాని విషయము. ఫిజీలోని భారతసంతతివారిలో హిందువులే హెచ్చు, క్రైస్తవులు స్వల్పము. దేశపు భూమిలో దాదాపు 87 శాతము మూలవాసుల వంశములకు చెందిన విక్రయింపరాని ఉమ్మడి సొత్తు. దానిని కౌలుకు తీసికొని చెరకు పండించినవారు భారతీయులు. కౌలు గడువు ముగిసినప్పుడెల్ల భయము పుట్టినది, ఆ భయమును రాజకీయవేత్తలు వాడుకొనిరి.

గిర్మిట్ ఓడ వచ్చిన తేదీననే, 1987 మే 14న, సైన్యాధికారి సితివేని రబుకా సైనికబలముతో ప్రభుత్వమును కూలద్రోసెను. ఆయన మెథడిస్టు ప్రసంగీకుడు కూడ. ఆ యేడే సెప్టెంబరులో రెండవ తిరుగుబాటు జరిగినది; పిమ్మట ఆదివారమున వ్యాపారమును, వినోదమును నిషేధించు శాసనము వెలువడినది. 1989లో లౌటోకా నగరమున ఒక క్రైస్తవ యువజనబృందమువారు హిందూ, ముస్లిము, సిక్కు ప్రార్థనాలయములకు నిప్పు పెట్టిరి. 2000 మే 19న తిరుగుబాటు నాయకుడు జార్జి స్పేట్ అనుచరులు తొలి భారతసంతతి ప్రధాని మహేంద్ర చౌదరిని పార్లమెంటులో బంధించి 56 దినములు నిర్బంధమున నుంచిరి. 2006 డిసెంబరు 5న సైన్యాధ్యక్షుడు బైనిమరామ అధికారమును చేజిక్కించుకొనెను. 2009 గుడ్ ఫ్రైడేనాడు రాజ్యాంగము రద్దయినది, మెథడిస్టుల వార్షిక మహాసభకు సైతము నిషేధము వచ్చినది. ఒకనాడు అధికారము ప్రక్కన నిలిచిన సంఘమే మరునాడు అధికారుల అనుమానమునకు గురియైనదని గ్రహించినవాడు వేదికపైనుండి ఏ నాయకుని పేరును ఎత్తడు.

ఇరుజాతుల నడుమ మెలగవలసియున్నది కావున వచ్చినవెంటనే రెండు భాషల అభ్యాసమునకు శ్రీకారము చుట్టవలెను: ఒకటి ఫిజియన్, రెండవది ఇచ్చటి హిందీ. తెలుగు మాటలాడు పెద్దలు అరుదు. ఇంటిపేర్లలోను, దక్షిణాదివారి సంగం సంస్థల బడులలోను పూర్వపు గుర్తు మిగిలియున్నది. నివాసము రెండు జాతులవారును కలిసియుండు వీథిలో చూచుకొనుడు. మూలవాసుల గ్రామమునకు పోవునపుడు టోపీ తీసి, సులూ (నడుమునకు చుట్టు వస్త్రము) కట్టి, పెద్దకు సేవుసేవుగా (సంప్రదాయ కానుకగా) యంగోనా (కావా) వేళ్లు సమర్పించి అనుమతి కోరవలెను. యంగోనా పానీయమును త్రాగుట కూడదను సంఘములును కలవు గాన, మీ మనస్సాక్షికి ఇబ్బందియైనచో స్థానిక కాపరి నడిగి, ఆతిథేయుని గౌరవము చెడనిరీతిని మెలగుడు.

నవంబరు మొదలు ఏప్రిల్ వరకు తుపానుల కాలము. అందుకై దాచు బియ్యము, పప్పు, డబ్బా చేపలు, త్రాగునీరు, మందులు, టార్చి, రేడియో కర్ఫ్యూ దినములకును పనికివచ్చును. బ్యాంకులు మూతపడవచ్చును గాన కొంత రొక్కము చేత నుండవలెను. రాజధాని సువాలోని భారత హైకమిషనులో పేరు నమోదు చేయించి, పాస్‌పోర్టు, పర్మిట్ల నకళ్లు వేరొకచోట నుంచుడు. అలజడినాడు వీథిలో ఏమి జరుగుచున్నదో చూచుటకు పోవలదు. వదంతిని ఫోనులో మరొకరికి పంపవలదు. సంఘపు పెద్దలతో ముందుగనే మాటలాడి, ఎవరు ఎవరి కుటుంబమును విచారించవలెనో నిర్ణయించుకొనుడు. వృద్ధులును ఒంటరి స్త్రీలును మొదట.

ఒక విషయమును నేను గట్టిగా చెప్పదలచితిని. 2000 నాటి తిరుగుబాటువేళ మువానివేని ప్రాంతమున ఇండ్లు దోపిడికి గురియై పారిపోయిన భారతీయ రైతులు లౌటోకాలోని గిర్మిట్ సెంటరులో తలదాచుకొనిరి. అట్టి శిబిరమునకు పోవు మిషనరీ అన్నము, దుప్పటి, ఓపికగా వినెడి చెవి తీసికొనిపోవలెనే గాని కరపత్రములు తీసికొనిపోరాదు. సిలువ ధరించినవారి చేతనే దోచబడితిమని తలచువానికి ఆకలివేళ మతబోధ చేయుట దౌర్జన్యమే యగును. అదే కాలమున సువాలోని హోలీ ట్రినిటీ కెథెడ్రలులో శాంతికై స్త్రీలు జాతిమతభేదము లేక కూడి ప్రార్థించిరి. నాకు ఆదర్శముగా తోచునది ఆ సమావేశమే. 2023 మే 14న మెథడిస్టు సంఘమును రబుకాయు భారతసంతతివారిని బహిరంగముగా క్షమాపణ వేడిరి. దానిని మనసార స్వీకరించినవారును కలరు, ఇంకను గాయము మానని ఇండ్లును కలవు. ఆ రెండవవారిని క్షమింపుమని తొందరపెట్టు హక్కు నిన్న వచ్చిన మనకు లేదు.

పిల్లలతో వచ్చినవారు, ఏ స్థితిలో దేశము విడువవలెనో భార్యాభర్తలు ముందే నిశ్చయించుకొని, ఆ నిశ్చయమును సంఘమునకు తెలుపవలెను. పోవలసివచ్చినచో పెద్దలతో చెప్పి, తాళములను, లెక్కల పుస్తకమును అప్పగించి పోవుడు. పోలేని విశ్వాసులకు వారము వారము ఫోను చేయుడు.