చిన్న బండికి తగిన ఇరుసు

బండి కొనువాడు ఎద్దుల పండ్లు చూచును, చక్రముల పట్టాలు తట్టి చూచును. వంగి ఇరుసును చూచువాడు అరుదు. గత వేసవిలో మా విద్యార్థులు కొందరు ఈ పొరపాటే చేసిరి. వారు ఇప్పుడు మరల బండి కట్టుటకు అనుమతి కోరుచు కళాశాల కమిటీ వారికి అర్జీ పెట్టియున్నారు. కావున జరిగినదానిని, దాని వెనుకనున్న సూత్రమును ఉభయులకును తెలుపుట మంచిదని తలచితిమి.

బేలుం గుహలు, గండికోట చూచి వచ్చుటకును, రాత్రులు అందులోనే పండుకొనుటకును వీలుగా, ఇనుప చట్రముపై ప్లైవుడ్డు గూడు కట్టి, జీపు వెనుక తగిలించు చిన్న ట్రైలరును వారు సొంతముగా తయారు చేసిరి. మన సీమకు ఇది వింత కాదు. అహోబిలము, మహానంది తిరునాళ్లకు గూడుబండ్లు కట్టుకొని, వంటసామాను అందులోనే వేసుకొని, చీకటి పడినచోట బండి విడిచి పండుకొన్నవారి మనుమలే వీరు. అయితే ఎద్దు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడచును. జీపు యాబది పోవును. ఇరుసును గూర్చిన చిక్కంతయు ఈ భేదములోనే కలదు.

ఎద్దులబండిలో చట్రము నేరుగా ఇరుసుపై కూర్చుండును. కోయిలకుంట్ల వైపు రేగడి దారులలో, వానకు దిగబడి ఎండకు రాయివలె బిగిసిన గాడిలో చక్రము పడినప్పుడు ఆ దెబ్బ అంతయు బండికి తగులును. నడక మెల్లనిది గనుక బండి ఓర్చుకొనును. జట్కా పరుగెత్తవలెను గనుక దానికి ఇరుసుకును పెట్టెకును నడుమ ఉక్కు పట్టీల కమానులు వచ్చినవి. ‘ఇరుసు’ అచ్చ తెనుగు మాట. ‘కమాను’ పారసీకమున విల్లు. ఈ రెండు మాటలను ఒకే బండి క్రింద చూచినప్పుడెల్ల మాకు మన కళాశాలయే గుర్తు వచ్చుచుండును.

మా విద్యార్థులు కమానులు మరువలేదు. పాత సామానుల అంగడిలో ఒక సరకుల వ్యాను ఇరుసును కమానులతో సహా కొనిరి. “గట్టిది, ఎన్నటికిని విరగదు” అని వారి ధీమా. బనగానపల్లె దాటకముందే నీళ్ల డబ్బా మూత ఊడి పరుపులు తడిసినవి. స్టవ్వు ఒకచోట, గిన్నెలు ఒకచోట పడినవి. కొలిమిగుండ్లలో దిగి చూడగా లాగుడు కడ్డీ చట్రమునకు కలియుచోట వెల్డింగు జానెడు మేర చీలియున్నది. మరి పది మైళ్లు పోయియుండినచో ట్రైలరు ఊడి వెనుక వచ్చువారిమీద పడియుండెడిది. ఆ మాట తలచిన ఇప్పటికిని మాకు గుండె దడదడలాడును.

కర్నూలు పాతబస్తీలో మాకు తెలిసిన మిస్త్రీ ఒకడు బండి క్రింద దూరి చూచి నవ్వెను. “సార్, ఇది పదిమందిని మోసే కమాను. దీనిమీద పిల్లోణ్ణి కూర్చోబెడితే ఎట్ల వంగుతాది?” అనెను. భౌతికశాస్త్రము ఆ మాటనే లెక్కలతో చెప్పును.

ఆ ట్రైలరు ఖాళీ బరువు 300 కిలోలు, సామాను 150 అనుకొందము. మొత్తము 450లో సుమారు పదవ వంతు జీపు కొక్కెముపై పడవలెను. ఇరుసుకు మిగులునది దాదాపు 400 కిలోలు. 1600 కిలోలకు 8 సెంటీమీటర్లు అణగు కమానుల జత, 400 కిలోలకు 2 సెంటీమీటర్లే అణగును. అణగినది 2 సెంటీమీటర్లే గనుక గుంతలోనికి దిగునదియు అంతే. అంతకన్న లోతైన గుంతపై వేగముగా పోయినచో చక్రము నేలను వదలి గాలిలో ఉండును. బండి ఊగు వేగము కూడ ఈ అణగుటను బట్టియే యుండును. 8 సెంటీమీటర్లు అణగిన బండి సెకనుకు సుమారు 1.75 మారులు ఊగును. 2 సెంటీమీటర్లు అణగినది 3.5 మారులు. రెండవదానిని ఊగుట అనుటకన్న కొట్టుకొనుట అనుట న్యాయము. ఆ ఇరుసు విరగలేదు, నిజమే. అది పడవలసిన దెబ్బలను వెల్డింగు పడినది.

మరి ఏ ఇరుసు తగును? ట్రాక్టర్లకు కట్టు రెండు చక్రముల ట్రాలీలలో అనేకమునకు కమానులే ఉండవు. మట్టి తోలుటకు చాలును, మనిషి పండుకొను గూటికి చాలదు. చుట్టల స్ప్రింగులు మెత్తనివే గాని, ఇరుసును చోటు కదలకుండ పట్టుటకు వేరు కడ్డీలు కావలెను. ఐరోపా, అమెరికాలలోని చిన్న ట్రైలర్లకు రబ్బరు ఇరుసు వాడుకలో కలదు. చదరపు గొట్టములో మరియొక చదరపు కడ్డీని కోణము మార్చి దూర్చి, మూలలలో రబ్బరు బిగింతురు. రెండు చక్రములు దేనికది లేచి దిగును, చప్పుడుండదు. మాకును ఆశ కలిగినది. కాని రబ్బరు బిగిసిపోయిననాడు ఇరుసునంతటిని మార్చవలెను; జమ్మలమడుగు దారిలో అది ఎక్కడ దొరకును? ఉక్కు కమాను పట్టీ విరిగిన ఏ లారీ షెడ్డులోనైనను వేయుదురు. పట్టీలు ఒకదానినొకటి రాచుకొనుటచే ఊపు కొంత తనంతట తానే అణగును. రెండవ ప్రపంచయుద్ధమున జీపు వెంట నడచిన పావు టన్ను ట్రైలరుకును పట్టీల కమానులే. దాని చక్రములు జీపు చక్రముల కొలతవే గనుక ఒక స్టెప్నీ రెంటికిని సరిపోయెడిది. ఈ తెలివి మనము తప్పక అరువు తెచ్చుకొనవలెను.

కావున మేము సూచించునది తేలికపాటి పట్టీల కమాను. గూడు కట్టి, నీళ్లతో, సామానుతో కాటాకు ఎక్కించి తూచిన పిమ్మటనే దానిని ఎన్నుకొనవలెను. ఉన్నవానినే వాడుదమన్నచో, సమానమైన ఎనిమిది పట్టీలలో నాలుగు తీసిన అణగుట 4 సెంటీమీటర్లగును. కొంత మేలు, చాలదు. ఇరుసును బరువు నడిమికి కొంచెము వెనుకగా అమర్చవలెను. వెనుక బరువెక్కిన బండి కాడిని పైకెత్తునని బండి తోలువాడెరుగును. జీపు వెనుక అట్టి ట్రైలరు పాము వలె మెలికలు తిరుగును.

కమిటీ వారికి మరియొక మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రైలరు కూడ మోటారు వాహనమే, దానికిని రిజిస్ట్రేషను కావలెను. మా విద్యార్థులు మొదటిమారు ఇది ఎరుగరు, మేమును అడుగలేదు. ఈమారు ఇనుము కొనుటకు ముందే కొలతలతో గీసిన పటమును తీసుకొని ఆర్.టి.ఓ. కార్యాలయమునకు పోవలెనని వారితో చెప్పితిమి. పటము సగము గీసియున్నారు. ఇరుసు ఉండవలసిన చోట ప్రస్తుతము ఖాళీ విడిచియున్నారు.