గాలి మోగించే గంట

జపాను దేశంలో వేసవి చాలా ఉక్కగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువ కనుక పట్టిన చెమట త్వరగా ఆరదు. అటువంటి రోజుల్లో అక్కడివారు ఇంటి చూరుకు ఒక చిన్న గంటను వేలాడదీస్తారు. దానిని 'ఫూరిన్' అంటారు. 'ఫూ' అంటే గాలి, 'రిన్' అంటే చిరుగంట. గంట నాలుకకు దారం కట్టి, దాని చివర సన్నని కాగితపు పట్టీ తగిలిస్తారు. గాలికి పట్టీ ఊగుతుంది; నాలుక గంటను తాకుతుంది. ఆ నాదం వల్ల ఎండ తగ్గదు. కాని గాలి వీస్తున్నదని చెవికి తెలియగానే మనసుకు చల్లగా తోస్తుంది.

పూర్వం బౌద్ధాలయాల చూరు మూలలకు లోహపు గంటలు కట్టేవారు. వాటి నాదం వినిపించినంత మేర కీడు రాదని నమ్మేవారు. చైనా నుంచి వచ్చిన ఆ ఆచారమే ఇంటి గంటలకు మూలమంటారు.

ఇవాతే ప్రాంతం పోత ఇనుప గంటలకు పేరు పొందింది. కరిగిన ఇనుమును అచ్చులలో పోసి వాటిని తయారు చేస్తారు. అక్కడి మిజుసావా రైల్వే స్టేషనులో వేసవి వస్తే ఈ గంటలు వరుసగా మోగుతాయి. 1996లో జపాను ప్రభుత్వం కాపాడుకోదగిన వంద ధ్వనులను ఎంపిక చేసినప్పుడు, ఆ నాదానికి కూడా చోటు లభించింది.

హిమేజీ నగరపు ఫూరిన్ కథ వేరు. దానిని చేసేది మ్యోచిన్ వంశంవారు. వారు తరతరాలుగా యోధులకు కవచాలు చేసిన కమ్మరులు. 1868లో జపానులో పాలన మారింది. క్రమంగా యోధుల వర్గమే లేకుండా పోయింది. 1876లో కత్తి ధరించడాన్ని నిషేధించారు. ఇక కవచాలు కొనేవారెవరు?

అప్పుడా కుటుంబం 'హిబాషీ'లను నమ్ముకుంది. ఇవి కుంపటిలోని బొగ్గులను పట్టుకోవడానికి, కదపడానికి వాడే పొడవైన ఇనుప పుల్లల జత. ఆ రోజుల్లో కుంపటి లేని ఇల్లు అరుదు. కాని రెండవ ప్రపంచ యుద్ధం తరువాత గ్యాసు, విద్యుత్తు వాడకం పెరిగింది. కుంపటి మూలపడింది. పుల్లల అమ్మకం పడిపోయింది.

ఈ స్థితిలో 52వ తరం వారసుడు, పుల్లలు ఒకదానికొకటి తగిలినప్పుడు వచ్చే తీయని నాదంపై దృష్టి పెట్టాడు. నాలుగు పుల్లలను దారాలతో వేలాడదీసి, నడుమ ఒక బిళ్లను అమర్చాడు. గాలికి బిళ్ల ఊగి పుల్లలను తాకుతుంది. పుల్లలు స్వేచ్ఛగా వేలాడుతుంటాయి కనుక వాటి కంపనం వెంటనే ఆగదు. నాదం చాలాసేపు నిలుస్తుంది.

కవచాల కాలం పోయింది. కుంపట్ల కాలమూ పోయింది. ఎర్రగా కాల్చిన ఇనుమును సుత్తితో సాగగొట్టే నేర్పు మాత్రం నిలిచింది. తెలిసిన పనిని విడువక, దానికి కొత్త ఉపయోగం వెతికినందువల్లనే ఆ కొలిమి ఆరిపోలేదు.

అర్థాలు
చూరు = ఇంటికప్పు అంచు
నాదం = ధ్వని
కంపనం = అదురు
కొలిమి = కమ్మరి నిప్పుగుండం

అభ్యాసం
1. ఫూరిన్ మోగితే చల్లగా ఉన్నట్లు ఎందుకు తోస్తుంది?
2. మ్యోచిన్ వంశంవారు తమ వృత్తిని ఎన్నిసార్లు, ఏ కారణాలవల్ల మార్చుకున్నారు? వారు మార్చుకోనిది ఏమిటి?
3. మీ ఊరిలో వాడుక తగ్గిన ఒక చేతిపనిని గురించి పెద్దలను అడగండి. ఆ పనిముట్ల తెలుగు పేర్లు సేకరించి పది వాక్యాలు రాయండి.