ఆపరేటింగ్ సిస్టమ్‌లు – నవీకరణ మార్గాలు

2017 మే నెలలో 'వన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాం 150కి పైగా దేశాలలో కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఫైళ్ళకు తాళం వేసి, విప్పడానికి డబ్బు చెల్లించమన్నది. చిత్తూరు, గుంటూరు తదితర జిల్లాలలోని కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. అవి విండోస్‌తో నడిచేవి. విచిత్రమేమంటే, ఆ లోపాన్ని సరిచేసే దిద్దుబాటును మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చి 14ననే విడుదల చేసింది. ఎక్స్‌పి వంటి పాత విండోస్‌కు మాత్రం అది దాడి తరువాతనే లభించింది. ఔషధం సిద్ధంగా ఉన్నా చాలామంది రోగులకు చేరలేదు.

దిద్దుబాటు చేరే దారి అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకే తీరుగా ఉండదు. నందికొట్కూరు ప్రాంతపు రైతుకు ఈ భేదం సులభంగా బోధపడుతుంది. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరే కర్నూలు–కడప కాలువ పదిమందికీ ఉమ్మడి. బోరు ఎవరిది వారిదే.

విండోస్‌లో చిరకాలంగా సాగినది బోరు పద్ధతి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు దిద్దుబాట్లను మైక్రోసాఫ్టే పంపుతుంది. తక్కిన ప్రోగ్రాములను వినియోగదారుడు ఒక్కొక్క సంస్థ నుండి వేరువేరుగా తెచ్చుకుంటాడు. ప్రతి ప్రోగ్రామూ తనకు కావలసిన సహాయక ఫైళ్ళను తానే మోసుకొస్తుంది. నవీకరణ కూడా దేనిది దానిదే. 2012లో మైక్రోసాఫ్ట్ ఉమ్మడి దుకాణం తెరిచినా ఈ అలవాటు పూర్తిగా పోలేదు.

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ లినక్స్‌ది కాలువ పద్ధతి. స్వచ్ఛంద సేవకులు ఒక్కొక్క ప్రోగ్రామును 'ప్యాకేజీ'గా కట్టి ఉమ్మడి భాండాగారంలో ఉంచుతారు. తనకు తోడు ఏయే ప్యాకేజీలు కావాలో ప్రతి ప్యాకేజీలోనూ రాసి ఉంటుంది. సహాయక ఫైళ్ళు పలు ప్రోగ్రాములకు ఉమ్మడి. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 'హార్ట్‌బ్లీడ్' లోపం బయటపడినప్పుడు ఆ ఒక్క ప్యాకేజీని మార్చి, ప్రోగ్రాములను తిరిగి ప్రారంభిస్తే, దానిపై ఆధారపడినవన్నీ బాగుపడ్డాయి. అయితే తూము ఎత్తవలసింది రైతే! నవీకరించమని ఆజ్ఞ ఇవ్వనివాని కంప్యూటరుకు ఏ కాలువా పారదు.

ఎగువన నీరు కలుషితమైతే ఆయకట్టు అంతటికీ ముప్పే. 2024 మార్చిలో 'ఎక్స్‌జెడ్' అనే ప్యాకేజీలో ఎవరో రహస్యద్వారం చొప్పించారు. అది డెబియన్ పరీక్షాశాఖ వరకు ప్రవేశించింది. లాగిన్‌కు అర సెకను ఆలస్యమవుతోందేమని శోధించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దానిని పట్టుకొన్నాడు. స్థిరశాఖ సురక్షితంగా మిగిలింది.

'పోతన 2000', 'వేమన 2000' అనే తెలుగు ఫాంట్లు డెబియన్‌లో ఒక ప్యాకేజీగా లభిస్తాయి. (భాగవతాన్ని రాజులకు అంకితమివ్వలేదని ప్రసిద్ధికెక్కిన పోతన పేరిటి అక్షరాలు అందరికీ ఉచితంగా అందడం సముచితమే.) వాటిలో ఒక ఒత్తు రూపం సవరిస్తే, ఆ సవరణ తక్కిన నవీకరణలతోపాటే వచ్చి చేరుతుంది. అదే ఫాంటును ఎక్కడి నుండో తెచ్చి విండోస్‌లో పెట్టుకొన్నవాడు సవరణ జరిగిన సంగతిని తానే విచారించి తెలుసుకోవాలి.