ఊపిరి పరీక్షలో దొరికే రక్తపోటు జాడ

చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ వేరు, పల్మనరీ హైపర్‌టెన్షన్ వేరు. ఇది గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమనుల్లో పెరిగే పీడనం. విశ్రాంతిలో దీని సగటు 20 మి.మీ. పాదరసం దాటితే వ్యాధి కిందే లెక్క. (పాత పుస్తకాల్లో 25 అని ఉంటుంది, జాగ్రత్త!)

ఈ వ్యాధిలో, పీల్చి వదిలే గాలిని కొలిచే స్పైరోమెట్రీ దాదాపు మామూలుగానే రావచ్చు. అసలు ఆధారం, ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతుందో చూపే డీఎల్‌సీఓ పరీక్ష. హిమోగ్లోబిన్‌ను గట్టిగా పట్టుకునే కార్బన్ మోనాక్సైడ్ కొద్దిగా కలిపిన గాలిని పీల్చి, సుమారు 10 సెకన్లు బిగబట్టాలి. రక్తంలోకి ఎంత చేరిందో లెక్కిస్తారు. ఊపిరితిత్తుల పరిమాణం బాగానే ఉండి ఇదొక్కటే బాగా తగ్గితే రక్తనాళాలను అనుమానించాలి. చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా వ్యాధి ఉన్న రోగుల్లో ఈ ఆధారం మరీ విలువైనది.

నిర్ధారణ మాత్రం సిర గుండా సన్నని గొట్టం పంపి పీడనం కొలిచే కుడి గుండె క్యాథెటరైజేషన్‌తోనే. గుండె క్యాథెటరైజేషన్ పరిశోధనలకు 1956లో ఫోర్స్‌మన్, కూర్నాన్, రిచర్డ్స్ వైద్య నోబెల్ పంచుకున్నారు. వీరిలో ఫోర్స్‌మన్ 1929లో తన చేతి సిర గుండా గుండెలోకి గొట్టం తానే పంపుకున్న సాహసి.