డిగ్రీ చదువులో సంగీతం

హైదరాబాదు తూర్పు భాగంలో, ఉప్పల్, నాచారం ప్రాంతాల నడుమ చిల్కానగర్ ఉన్నది. దీనికి చేరువలోనే నాచారం పారిశ్రామికవాడ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నాయి. నందమూరి తారక రామారావు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో కూడా నాచారంలోనిదే. యంత్రశాల, ప్రయోగశాల, పాటల చిత్రీకరణ ఇంత దగ్గర దగ్గరగా సాగిన చోట సైతం ఇంటర్మీడియట్‌లో చేరిన విద్యార్థి అందరికంటె ముందు మానుకొనేది సంగీత పాఠాన్నే. పదవ తరగతి వరకు సాయంకాలం సరళీ వరుసలు, గీతాలు, వర్ణాలు నేర్చినవారు ప్రవేశపరీక్షల ఒత్తిడిలో శ్రుతిపెట్టెను అటక ఎక్కిస్తారు. రెండేళ్లయ్యాక మళ్లీ మొదలుపెట్టవచ్చునని పెద్దలు అంటారు. ఆ మాట నెరవేరిన ఇళ్లు తక్కువ. సాధన లేని గొంతు, సాధన లేని వేళ్లు రెండేళ్లు ఎదురుచూడవు.

చదువు వేరు, సంగీతం వేరు అనే భావన నిజానికి ప్రాచీనమైనది కాదు. మధ్యయుగపు ఐరోపా విద్యాలయాలలో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం నేర్చిన పిమ్మట అంకగణితం, జ్యామితి, ఖగోళశాస్త్రాలతో పాటు సంగీతాన్ని బోధించేవారు. అక్కడ అది గణితానికి తోబుట్టువు. మన పూర్వులు చెప్పిన అరువది నాలుగు కళల వరుసలో గీతానిదే మొదటి స్థానం.

గణితంతో ఈ చుట్టరికం కర్ణాటక సంగీతంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తంజావూరును తెలుగు నాయకరాజులు పాలించిన 17వ శతాబ్దంలో వేంకటమఖి ‘చతుర్దండీ ప్రకాశిక’ రచించి, 72 మేళకర్తల పద్ధతిని ప్రతిపాదించాడు. ఆ 72 ఎక్కడినుండి వచ్చింది? షడ్జమ పంచమాలు మారని స్వరాలు. వాటి మధ్య రిషభ గాంధారాలకు నాలుగు స్థానాలు ఉన్నాయి. నాలుగింటి నుండి రెండింటిని ఎన్నుకొనే విధాలు ఆరు. ధైవత నిషాదాలకు కూడ అదే లెక్క, మరొక ఆరు. మధ్యమాలు రెండు. ఆరును ఆరుతో, ఆ వచ్చినదానిని రెండుతో గుణిస్తే 72 అవుతుంది. గణితం ఐచ్ఛికంగా తీసుకొన్న విద్యార్థి రెండవ సంవత్సరంలో చదివే సంయోగాల పాఠం ఇదే. అయితే ఆ విద్యార్థికి ఈ ఉదాహరణ ఎవరూ చూపరు.

తెలుగునాట సంగీత విద్య చాలాకాలం ప్రత్యేక మార్గంలోనే నడిచింది. 1919లో విజయనగరంలో వెలసిన సంగీత పాఠశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ఆయన తరువాత ఆ బాధ్యతను 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడు స్వీకరించారు. బాల్యంలో ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ ఊరు చేరి, మధుకరం ఎత్తి పొట్ట నింపుకొంటూ సంగీతం నేర్చుకొన్నారు. హైదరాబాదులో 1952లో నెలకొన్న త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాదులోని భక్త రామదాసు కళాశాల కూడ ఈ కోవలోనివే. నాలుగేళ్ల సర్టిఫికెట్, దానిపై రెండేళ్ల డిప్లొమా అనేది ఈ కళాశాలల క్రమం. గొప్ప గాయకులను తీర్చిదిద్దిన మార్గమిది. కాని గాయకుడు కావాలని నిశ్చయించుకొననివారికి, సంగీతాన్ని ఇతర శాస్త్రాలతో కలిపి చదువదలచినవారికి ఇది సరిపోదు.

అట్టివారు తమ దారిని తామే వేసుకొన్నారు. శ్రీపాద పినాకపాణి (1913-2013) విశాఖపట్టణంలో వైద్యవిద్య అభ్యసించి, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. రోగులను చూసిన మిగిలిన వేళ ఆయన ఇల్లే పాఠశాల. నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ ఆయన వద్ద నేర్చినవారే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979) మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన పండితులు. అన్నమాచార్యుల రాగిరేకుల మీద రాగం పేరు ఉన్నది కాని స్వరలిపి లేదు. సంకీర్తనల పాఠాన్ని పరిష్కరించడానికి భాషాజ్ఞానం, వాటికి స్వరాలు కూర్చడానికి సంగీతజ్ఞానం, రెండూ ఒకే మనిషిలో ఉండవలసి వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఆ పని చేయగలిగినవారిలో శర్మగారు అగ్రగణ్యులు. ఏ విశ్వవిద్యాలయమూ ఇటువంటి కూర్పును పాఠ్యక్రమంగా ఆయనకు ఇచ్చి ఉండలేదు.

ఇప్పుడు నిబంధనలు సడలాయి. తెలంగాణ కళాశాలలలో ఎంపికకు వీలిచ్చే క్రెడిట్ విధానం వచ్చిన తరువాత, 2020-21లో ‘బకెట్’ పద్ధతిని ప్రవేశపెట్టారు. కళలు, విజ్ఞానశాస్త్రాలు, వాణిజ్యం అనే గోడలను దాటి విద్యార్థి విషయాలను కూర్చుకోవచ్చునన్నది దాని ఆశయం. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడ ఈ మాటనే చెప్పింది. ఏడాది తరువాత సర్టిఫికెట్‌తో, రెండేళ్లకు డిప్లొమాతో బయటికి వచ్చే వెసులుబాటు కూడ అందులో ఉన్నది.

చిక్కు అమలులో ఉన్నది. కళాశాల తాను బోధించే విషయాలనే విద్యార్థి ముందు ఉంచగలదు. సంగీత శాఖ లేనిచోట ఎన్ని గోడలు తొలగినా తంబుర వినిపించదు. క్రెడిట్ల లెక్క మరొక చిక్కు. వారానికి ఒక గంట ఉపన్యాసానికి ఒక క్రెడిట్ లభిస్తే, ప్రయోగ తరగతికి సాధారణంగా రెండు గంటలకు ఒకటి లభిస్తుంది. సంగీతంలో అధికభాగం ప్రయోగమే. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఒక అధ్యాపకుడు పదిమంది పనిని ఒకేసారి గమనించగలడు. గాత్రంలోనైతే ఒక్కొక్కరి శ్రుతిని విడివిడిగా విని సరిదిద్దాలి. వేకువజామున ఇంటివద్ద చేసే అకార సాధన ఏ క్రెడిట్ కిందికీ రాదు, పరీక్షలో మాత్రం మొదట బయటపడేది అదే.

కనుక డిగ్రీ ప్రవేశాలకు ‘దోస్త్’లో ఐచ్ఛికాలు ఇచ్చే ముందే ఆయా కళాశాలల విషయాల జాబితాను చూడాలి. సంగీతం ఉన్నదని రాసిన చోట గాత్రమా, వీణా, వయొలినా అని, బోధించే గురువు ఉన్నారా అని అడిగి తెలుసుకోవాలి. అది దొరకనివారికి ఇంకొక తోవ ఉన్నది. ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో అనుమతించింది. రెండూ తరగతికి హాజరయ్యే కోర్సులైతే వేళలు ఒకదానితో ఒకటి తగులకూడదు. లేదా ఒకదానిని దూరవిద్యలో చదవవచ్చు. పగలు డిగ్రీ చదువుతూ ప్రభుత్వ సంగీత కళాశాలలో చేరదలచినవారు కూడ ముందుగా ఈ వేళలనే సరిచూసుకోవాలి. చిల్కానగర్ విద్యార్థి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్ వద్ద మారి, సుల్తాన్ బజార్‌లో దిగితే త్యాగరాజ కళాశాల ఉన్న రామ్‌కోఠి చేరువవుతుంది. చేతిలో వీణ ఉన్నవారికి ఆ రద్దీలో మార్పు అంత తేలిక కాదు. గాత్ర విద్యార్థికి ఆ బరువు లేదు.