విని, విచారించుడి
పఠన భాగము: అపొ. కార్యములు 17:11



బెరయవారు పౌలు చెప్పిన మాటనైనను లేఖనములతో సరిచూచుకొనిరి. అట్లుండగా తెగులు కాలమున ఎవరో చెప్పిన మందును మనము విచారింపక మ్రింగవచ్చునా?

2020 ఏప్రిల్ నెలలో చిత్తూరు జిల్లాలో కొందరు ఫోనులో చూచిన వీడియోను నమ్మి, కరోనా రాకుండునని ఉమ్మెత్త గింజలు సేవించి ఆసుపత్రి పాలైరి. ఉమ్మెత్తకాయ ఆ క్రిమి బొమ్మను పోలియుండుటయే ఆ మాటకు ఆధారము! ఉమ్మెత్త విషమని పల్లెవారెరుగుదురు; భయము ఆ యెరుకను మరపించెను.

ఇట్టి మాటలను మనము ప్రేమతోనే పొరుగువారికి చేరవేయుదుము. అయినను ప్రేమతో ఇచ్చినంత మాత్రమున విషము మందగునా? కావున మొదట ఆరోగ్య కేంద్రములో అడుగుడి. నిజము తేలువరకు ఎవరికిని చెప్పకుడి. ఇదివరకే చెప్పియుంటిరా? సిగ్గుపడక ఆ యింటికే వెళ్లి సరిదిద్దుడి.

అట్టి వివేకమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.