పెరటి గాయకుడు

చైత్రమాసమున తెల్లవారుజామున మేల్కాంచి పెరటిలో నిలిచినవారికి ఒక పాట వినవచ్చును. అప్పటికి తూర్పు తెల్లబడియుండదు. వేపచెట్టు చిటారుకొమ్మనుండి యొక పక్షి తీయగా ఈలవేసినట్లు పాడుచుండును. ఒక వరుస ముగించి, క్షణకాలమాగి, స్వరము మార్చి మరియొకటి ఎత్తుకొనును. "కోయిల పాడుచున్నది" అని ఇంటిలోనివారు అనుకొందురు. కాని యది కోయిల కాదు. మగకోయిల ఒకే కూతను అంతకంతకు హెచ్చుస్థాయిలో కూయును. తరచుగా ఆకుల మరుగుననే యుండును. ఈ గాయకుడు అందరికిని కనబడునట్లు కొమ్మకొనయందే కూర్చుండును. దీని పేరు పెద్ద నలంచి. సారెలగాడు అనియు దీనికి పేరు గలదు.

పేరు విన్నంతమాత్రమున పక్షిని ఎరిగినట్లు కాదు. పరిమాణము, రంగు, నడవడి, తిరుగు చోటు, కంఠస్వరము అను అయిదు గురుతులను కలిపి చూచినగాని పక్షిని గుర్తింపజాలము.

పరిమాణమును తెలిసిన పక్షులతో పోల్చి చూడవలెను. పిచ్చుక నిడివి సుమారు 15 సెంటీమీటర్లు. గోరువంక నిడివి సుమారు 23 సెంటీమీటర్లు. పెద్ద నలంచి ఈ రెండింటికిని నడుమ, తోకతో కూడ సుమారు 20 సెంటీమీటర్లుండును. మగపక్షికి తల, మెడ, రొమ్ము, వీపు నిగనిగలాడు నలుపు, పొట్ట తెలుపు. రెక్కపై పొడవైన తెల్లని చార యుండును. తోక నడిమి యీకలు నల్లనివి, అంచుటీకలు తెల్లనివి. నేలపై గెంతుచు పురుగులను ఏరుకొనునపుడు ఆ తోకను తరచుగా నిక్కించి నిలుపును.

ఆడుపక్షికి నలుపున్నచోట బూడిదవన్నె యుండును. ఇది యెరుగనివారు ఒకే జంటను చూచి, రెండు జాతుల పక్షులని భ్రమింతురు.

రంగు నొక్కదానినే నమ్మినవారికి మరికొన్ని పొరపాట్లును కలుగును. నలంచి యను చిన్న పక్షి కూడ నల్లనిదే. రెక్కపై కొంచెము తెలుపును గలదు. కాని దాని పొట్ట తెల్లగా నుండదు. తోకక్రింద ఇటుకవంటి యెరుపు కనబడును. రాళ్లు, తుప్పలు గల మెట్టనేలలు దానికి ప్రియమైనవి. కంప నలంచి పిచ్చుకకంటెను చిన్నది. పొలముగట్ల పొదలపై కూర్చుండును. కాటుకపిట్టయు నలుపు తెలుపుల పక్షియే. అయినను కనుబొమవలె తెల్లని గీత దానికి గలదు; అది నీటియొడ్డున పరుగిడుచు తోకను క్రిందికి మీదికి ఆడించుచుండును.

పాట నొక్కదానినే నమ్మినను చాలదు. పెద్ద నలంచి ఇతరపక్షుల కూతలను అనుకరింపగలదు. మరియు దాని గానము ముఖ్యముగా మార్చి మొదలు జూలై వరకు గల సంతానకాలమునకు చెందినది. శీతకాలమున అదే పక్షి అదే పెరటిలో చాలవరకు మౌనముగా తిరుగును. పాటను మాత్రమే యెరిగినవారు అప్పుడు దానిని కన్నులయెదుట నుంచుకొనియు గుర్తింపలేరు.

ఆ పాట మన వినోదమునకై పుట్టినది కాదు. "ఈ చోటు నాది" అని ఇతర మగపక్షులకు తెలుపుటకును, జతను పిలుచుటకును మగపక్షి పాడును. చెట్టుతొఱ్ఱలోనో గోడకన్నములోనో గూడు కట్టుదురు. ఆడుపక్షి గ్రుడ్లను పొదుగును. మగపక్షి గూటికి కావలి కాయును.

అట్టి పాటయే దానికి ఆపదయు తెచ్చినది. సింగపూరు ద్వీపమున ఒకప్పుడు ఈ పక్షి విరివిగా నుండెడిది. పాటకొరకు పంజరములలో బెట్టుటకై జనులు దానిని పట్టుకొనిరి. ఇతర కారణములును దానికి తోడైనవి. 1970 దశకము నాటికి అక్కడ దానిని చూచుటయే అరుదయ్యెను. తరువాత దానిని కాపాడి, మరల పెంపొందింపవలసివచ్చెను. బంగ్లాదేశమున ఈ పక్షికే 'దోయెల్' అని పేరు. అది ఆ దేశపు జాతీయపక్షి. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇట్టి పక్షులను పట్టుటను, పంజరమున బెట్టుటను నిషేధించుచున్నది.

పక్షిని తెలిసికొనుటకు దానిని చేతబట్టనక్కరలేదు. కదలక నిలుచు ఓర్పు, ఒక చిన్న పుస్తకము, పెన్సిలు చాలును. తేది, వేళ, చోటు, కనబడిన గురుతులు మొదట వ్రాసి, పేరును చివర వ్రాయవలెను. సందేహము తీరనిచో పేరు వ్రాయవలసిన చోటును ఖాళీగా విడుచుట తప్పు కాదు. తొందరపడి తప్పుపేరు వ్రాయుటకంటె అదియే మేలు. గూటిని కదల్పక, పక్షిని బెదరింపక యున్నచో, మరునాటి తెల్లవారుజామున ఆ గాయకుడు మరల ఆ కొమ్మకే రాగలడు.